దేవుని కుండలో వడ్లు

కొల్లేటి లంక, ఏలూరు తాలూకా,
1934 మార్చి 18, ఆదివారం.

ప్రభువునందు ప్రియమైన మా కృపకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ నాన్నగారూ, గేదే దాని దూడా అందరం క్షేమం. ఉత్తరం మొదట్లో అందరూ రాసే మాటే ఇది. ఈసారి మాత్రం అలవాటుకొద్దీ రాయడం లేదు. క్షేమంగా ఉన్నామని కళ్లతో చూసుకుని, చేత్తో తడిమి చూసుకుని రాస్తున్నాను. అక్కడ రాయవేలూరు నర్సుల బడిలో నీ ఒళ్లు కులాసాగా, మనసు నిబ్బరంగా ఉండాలని నా ప్రార్థన.

నీ ఉత్తరాలు రెండూ అందాయి. "రెండు నెలలుగా ఒక్క ముక్క లేదు, నా మీద కోపమా అమ్మా" అని అడిగావు. కోపం కాదు తల్లీ. దానికి జవాబు ఉంది, అది చివర రాస్తాను. ముందే రాస్తే మిగతాది రాసే ధైర్యం నాకు ఉండదు. ముందు తేలికైనవాటి సంగతి చూద్దాం.

అక్కడి చారు పులుపు తప్ప మరేమీ కాదన్నావు. ఈస్టరు వెళ్లాక ఏలూరు పాస్టరుగారి బావమరిది మద్రాసు వెళుతున్నాడట, అతని చేత పచ్చడి జాడీ ఒకటి పంపిస్తాను. ఎండుచేపలు మాత్రం పంపను. "ఆ వాసనకు గూడూరు దాటకుండానే రైలులోంచి దింపేస్తారు" అన్నారు మీ నాన్నగారు, అని నవ్వారు. ఆయన నవ్వి చాలా రోజులైంది గనుక నీకు రాస్తున్నాను. హాస్టలులో నీకు వంట వంతు వచ్చినప్పుడు ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం పక్కకు తీశావనీ, ఎందుకలా అని అరవ పిల్లలు నవ్వారనీ రాశావు. నవ్వనీ. దేవుని వాటా, అదే దేవుని పాలు, తీసి దేవుని కుండలో వేయకుండా మన ఇళ్లలో ఏ పొయ్యీ వెలగలేదని చెప్పు. ఆ పిడికిలి సంగతి మళ్లీ వస్తుంది, చదువు.

ఇక బరువైన ప్రశ్న. మీ వార్డులో బాలింత చనిపోయిందనీ, పెద్ద నర్సు "దైవచిత్తం" అని దుప్పటి కప్పిందనీ రాశావు. "పోయే గడియ ముందే నిర్ణయమై ఉంటే, లోకం ముగిసే దినం కూడా ఆయన పెట్టి ఉంచితే, నేను సూదులు మరగబెట్టడం ఎందుకమ్మా?" అన్నావు. నువ్వు ఇది రాసిన రోజుల్లోనే మన లంక అంతా ఆ ప్రశ్న మీదే కూర్చుని ఉంది. నాకు పెద్ద చదువు చెప్పే జవాబు రాదు. ఇక్కడ జరిగింది చెబుతాను.

కొత్త సంవత్సరపు ఆరాధనకు ప్రభుదాసుగారని ఒక బోధకుడు వచ్చారు. తాడేపల్లిగూడెంలో రైలు దిగి, నడవగలిగినంత మేరా నడిచి, మిగతాది దోనె మీద వచ్చారు. సన్నటి మనిషి. మాట మెత్తన. ఒంటిపూట భోజనం. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన్ను మోసగాడు అనుకోకు, నేను ఒక్క రోజూ అలా అనుకోలేదు. ఆయన చెప్పిందాన్ని ఆయన మనసారా నమ్మారు. అదే కష్టమైంది.

మొదట అంత్యదినాలు దగ్గరపడ్డాయని మాత్రమే చెప్పేవారు. తరువాత బీహారులో భూమి కంపించి వేలమంది పోయారన్న వార్త ఏలూరు నుంచి వచ్చింది. ఆ రాత్రంతా ఆయన లెక్కలు కట్టుకుని, పొద్దున గుడిలో నిలబడి దినం చెప్పేశారు. ఫిబ్రవరి రెండో గురువారం, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ. ప్రభువు పరలోకానికి ఎక్కింది గురువారమే గనుక దిగేదీ గురువారమేనట.

మన లంకవాళ్ల సంగతి నీకు తెలుసు. కిందటేడు పంట చేతికి వచ్చే వేళకు నీళ్లు ఎక్కాయి. అంతకు ముందేడు పంట నిలిచింది గానీ వడ్లకు ధర లేదు. అలాంటివాళ్లకు "ఇంకెంతో కాలం లేదు" అన్న మాట ఎండలో మజ్జిగలా ఉంటుంది. ఎవరూ భయపడలేదమ్మా, ఆశ్చర్యం అదే. అందరూ తేలికపడ్డారు.

మీ నాన్నగారు నమ్మకపోతే ఇది ఇంత దూరం వచ్చేది కాదు. సంఘానికి ఉపదేశి, ఆయన మాటంటే లంకలో అందరికీ గురి. ఆ గడియ మనకు తెలియజేయలేదని ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు చెప్పిన మనిషి. "ఏవండీ, మీరు నేర్పినదానికి ఇది ఎదురు కాదా?" అని అడిగాను. ఆయన తల వంచుకుని, "తెలియజేయలేదన్నాడు గానీ, తెలియజేయనన్నాడా?" అన్నారు. ఆ మర్నాడు చెరువుగట్టుకు వెళ్లి చూస్తే, ఆయన రేవులో కూర్చుని చిన్న చొక్కా ఒకటి ఉతుకుతున్నారు. మీ అన్నయ్య రాజరత్నానిది. నువ్వు పుట్టక ముందే ఏడేళ్లవాడు కలరాతో పోయాడని నీకు చెప్పాం గానీ, ఆ చొక్కా పెట్టె అడుగున ఉందని చెప్పలేదు. ఆయన నన్ను చూసి, "వాడు వచ్చేసరికి తొడుక్కోవడానికి ఉండాలి కదా రూతూ" అన్నారు. ఇంక ఆయనతో వాదించే నోరు నాకు లేకపోయింది.

దాళ్వా పంటకు నారు పోసే ముందు మన సంఘంలో విత్తనాల ఆదివారం చేస్తాం కదా. ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనపు వడ్లు గంపకెత్తి గుడికి తెస్తారు, ప్రార్థన అయ్యాక పట్టుకెళ్లి ఆ సాయంత్రమే నానబోస్తారు. ఈ ఏడాది గంపలన్నీ బల్ల ముందు పెట్టాక ప్రభుదాసుగారు లేచి, "కోత కోయని పంటకు విత్తనమెందుకు? వీటిని దంచి వండుకుని అందరం ప్రేమవిందు చేసుకుందాం. విత్తనం దాచుకున్నవాడు అనుమానం దాచుకున్నట్టే" అన్నారు. మీ నాన్నగారు వెళ్లి మన గంప మీది గుడ్డ తీశారు. ఆ తరువాత ఒకరి వెనుక ఒకరు అందరూ తీశారు.

ఆయన చూపు ప్రభుదాసుగారి మీదే ఉంది, మన గంప సగమే నిండి ఉందని చూడలేదు. మిగతా సగం నేను ముందు రోజే తీసి బానకెత్తి, పైన వేపాకు పరిచి, పొరుగున వీరరాఘవమ్మగారి అటక మీదకు చేర్చాను. కొత్త సంవత్సరం నుంచీ ప్రభుదాసుగారి బోధ వింటున్నాను, ఎక్కడికి పోతుందో తెలిసిపోయింది. వీరరాఘవమ్మగారు బాన కింద చుట్టకుదురు సర్దుతూ అడిగింది.

"మీ దేవుడొచ్చేస్తే ఈ వడ్లు నావేనా అండీ పంతులమ్మగారూ?"

"మీవే."

"రాకపోతేనో?"

"రాకపోతే నావి."

"మరయితే రమ్మని మొక్కుకోమంటారా, వద్దని మొక్కుకోమంటారా? చినతిరుపతి వెళ్లేది ఎల్లుండే, ముందే చెప్పండి. కొండెక్కాక మాట మార్చుకుంటే ఆయన ఊరుకోడు."

నవ్వొచ్చింది. ఆ నవ్వు అయిపోగానే భయం వేసింది. సంఘానికి అంతా ఇచ్చామని చెప్పి కొంత దాచుకుని, ఆ నిలబడిన చోటే పడి చచ్చిన భార్యాభర్తల కథ ఆదివారపు బడిలో ఎన్నిసార్లు చెప్పానో. పిల్లలకు చెబుతున్నప్పుడు ఆ భార్య మీద నాకెన్నడూ జాలి కలగలేదు. ఈసారి కలిగింది.

విందుకు ముందు రెండు రోజులు లంకంతా రోకళ్ల చప్పుడే. విత్తనపు వడ్లు దంచుతుంటే నా గుండెల్లోనే దంచినట్టుండేది. అన్నం తెల్లగా, కమ్మగా ఉడికింది. పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆ సంగతి కూడా రాయాలి. ఆ పూట పిల్లలందరూ కడుపునిండా తిన్నారు.

ఒక సాయంత్రం ఉండబట్టక మీ నాన్నగారిని అడిగాను.

"అంతా ముందే నిర్ణయమైపోయింది రూతూ. మనం చెయ్యడానికి మిగిలిందేమీ లేదు" అన్నారు.

"అయితే ఈ చేతులు ఎందుకిచ్చాడండీ?"

"జోడించడానికి."

"జోడించుకుని కూర్చుంటే గేదెకు గడ్డి ఎవరు వేస్తారండీ?"

ఆయన లేచి వెళ్లి గేదెకు గడ్డి వేసి వచ్చారు. నమ్మకం పోయి కాదు. గేదె అరుస్తోంది, అందుకు.

గురువారం వచ్చింది. తెల్లారేసరికి అందరూ తలస్నానాలు చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని గుడిలో కూర్చున్నాం. ఏ ఇంట్లోనూ పొయ్యి రాజెయ్యలేదు. కోళ్లను విడిచిపెట్టేశారు, గేదెల పలుపులు విప్పేశారు. మీ నాన్నగారి ఒళ్లో మడత పెట్టిన ఆ చొక్కా. ఎండ పైకెక్కింది. కిక్కిస గడ్డి కప్పు సందుల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా నేల మీద పడి, మెల్లగా మా కాళ్ల దగ్గరకు జరిగింది. సరిగ్గా నడిమధ్యాహ్నం వేళకు ఒక్కసారిగా పెద్ద హోరు. గుడి మీద చీకటి కమ్మినట్టు నీడ. అందరూ లేచి నిలబడ్డారు, కొందరు బిగ్గరగా "రా ప్రభువా" అన్నారు. నా పెదవులూ కదిలాయి.

గూడబాతులమ్మా. ఏ పడవవాడో అదిలించి ఉంటాడు, గుంపంతా లేచి మా మీదుగా వెళ్లి మళ్లీ నీళ్లలో దిగాయి.

నిలబడ్డవాళ్లం అలాగే నిలబడ్డాం. వెలుగు చుక్కలు మా పాదాలు దాటి అటు గోడ ఎక్కాయి. నాగరత్నం చంకలో పిల్ల ఏడుపు ఎత్తుకుంది. దాని తండ్రి, "ఊరుకోబెట్టవే, ఇప్పుడే వస్తారు" అన్నాడు. "వచ్చేవారికి మాత్రం పసిపిల్ల ఆకలి తెలీదేంటి" అని నాగరత్నం గోడవైపు తిరిగి పాలు పట్టింది. గుమ్మంలో వీరరాఘవమ్మగారు మజ్జిగ కడవతో వచ్చి నిలబడి, లోపలికి రావచ్చో లేదో తెలియక, "ఇంకా అవలేదా అండీ?" అని మెల్లగా అడిగింది. ఆమె కడవ అక్కడ దింపి వెళ్లిపోయింది.

పొద్దు వాలింది. అప్పుడు మగవాళ్ల ముఖాలు చూశాను. ప్రభువు రాలేదన్న బాధ ఒకవైపు, వడ్లు లేవన్న తెలివి ఒకవైపు. రెండోది అప్పుడప్పుడే లోపలికి దిగుతోంది. ప్రభుదాసుగారు బల్ల దగ్గర నేల మీద కూలబడి ఉన్నారు. ఎవరో ఒకరు ఆయన మీదకు లేస్తారని నాకు భయం వేసింది. అందుకని నేనే లేచి నిలబడ్డాను.

"నేను విత్తనం దాచాను. సగం బాన. వీరరాఘవమ్మగారి అటక మీద ఉంది. అనుమానం దాచుకున్నదాన్ని నేనే. నా వల్లే ఆయన రాలేదంటే అలాగే అనండి. వడ్లు మాత్రం అందరివీ" అన్నాను.

మీ నాన్నగారు తలెత్తి చూశారు. ఆ చూపు నీకు రాయలేను. ఇంతలో నాగరత్నం గొంతు వినబడింది.

"పంతులమ్మగారూ, మరి మా దేవుని కుండలోనూ ఉన్నాయండి."

"ఏం ఉన్నాయి?"

"వడ్లేనండి. దంచడానికి కుంచంతో కొలిచి పోసినప్పుడల్లా పిడికెడు తీసి కుండలో వేశానండి. దాచాలని కాదండి. చెయ్యి అలా వెళ్లిపోయింది. దేవుని పాలు తీయకుండా రోట్లో ఎలా పోస్తామండీ?"

"నేనూ తీశాను" అంది వెనుక నుంచి హన్నమ్మవ్వ. "విందేమో ప్రేమవిందు, వడ్లేమో విత్తనాలు. అయినా పిడికెడు పిడికెడే కదా అనుకున్నాను."

అంతే, ఆడవాళ్లందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తీయని ఇల్లు లేదు కృపా. ఒకరికి ఒకరు చెప్పుకోలేదు. మగవాళ్లెవరికీ తెలియదు, పొయ్యి దగ్గరి సంగతి వాళ్లకెందుకు తెలుస్తుంది? పరుగున వెళ్లి కుండలు తెచ్చి బల్ల ముందు వరుసగా పెట్టారు. దించిన చోటే కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు. నాగరత్నం మొగుడు కుండలో చెయ్యి పెట్టి చూసి, "ఇంత దొంగతనం మా కొంపలోనే జరిగిందా" అన్నాడు. "దొంగతనమేంటి, ఆయనది ఆయనకి తీశాను, నీ పాలు నువ్వు తినేశావు" అంది అది. అప్పుడు గుడిలో అందరూ నవ్వారు.

ప్రభుదాసుగారి దగ్గరకు మజ్జిగ తీసుకెళ్లాను. ఆయన కళ్లెత్తకుండా, "లెక్క తప్పిందా అమ్మగారూ, నేను తప్పానా?" అని అడిగారు. "ముందు ఇది తాగండి, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు" అన్నాను. తాగారు. మర్నాడు ఎవరూ పిలవకుండానే నారుమడిలోకి దిగి మాతోపాటు మట్టి తొక్కారు. నారు మొలిచిన పొద్దున అందరికీ దండం పెట్టి వెళ్లిపోయారు. ఆయన కోసం నేను రోజూ ప్రార్థన చేస్తున్నాను, నువ్వూ చెయ్యి.

కుండల్లోవీ, నా బానలోవీ కలిపి మండె కట్టి, మొలకెత్తాక చల్లాం. అన్ని చేలకూ చాలలేదు. వీరరాఘవమ్మగారి భర్త జగ్గారావుగారు తమ మడిలో మిగిలిన నారు పీకిచ్చారు. అయినా కొన్ని చేలు బీడు పడ్డాయి. ఊడ్పులు మొన్ననే అయ్యాయి, ఆలస్యమే. వరద రాకముందు కోత పడాలి. పడుతుందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే నాటాం.

ఇదీ నీ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు. ఆ దినం వస్తుందని నేను ఇవాళ కూడా నమ్ముతున్నాను. అది ఆయన చేతిలోది. పిడికెడు తీయడమూ తీయకపోవడమూ మాత్రం మన చేతిలో పెట్టాడు. నాగరత్నం పిడికిలి మూసింది దేవుడా, నాగరత్నమా అని చాలా రోజులు ఆలోచించాను. నాగరత్నమే అనుకుంటున్నాను. ఎలా తీయాలో ఏనాడో నేర్పి, ఆ వేళ ఆయన ఊరుకున్నాడు. అలా ఊరుకోవడంలోనే ఆయన ప్రేమ ఉందని నాకు తోస్తుంది. నువ్వు సూదులు మరగబెట్టు తల్లీ. ఆ బాలింత పోయింది, నిజమే. తరువాతి బాలింత మంచం మీదకు వచ్చేసరికి నీ సూది శుభ్రంగా ఉండాలి.

ఇప్పుడు చివరికి రాస్తానన్న జవాబు.

దినం చెప్పిన మర్నాడే మీ నాన్నగారు, "అమ్మాయిని వచ్చేయమని రాయి. ఆ వేళకు నలుగురమూ ఒకచోట ఉండాలి" అన్నారు. నలుగురు అన్నారు, మీ అన్నయ్యను కలుపుకుని. "అలాగేనండి" అన్నాను. నేను రాస్తే నువ్వు వచ్చేస్తావని తెలుసు. చివరి పరీక్ష వదిలేసి, పెట్టె సర్దుకుని వచ్చేస్తావు. మళ్లీ ఆ ఆసుపత్రి మెట్లు ఎక్కనిస్తారో లేదో. రోజూ కాగితం ముందు కూర్చునేదాన్ని. వచ్చేయమని రాయడానికి చెయ్యి రాలేదు. అది దాచి మామూలు ఉత్తరం రాస్తే అబద్ధమవుతుంది. అందుకని ఏమీ రాయలేదు. ప్రభువు వచ్చే మాట నిజమే అయితే రాయవేలూరు మాత్రం ఆయన కంటికి ఆనదా అనుకున్నాను. ఎవరికో కట్టు కడుతూ కనబడితే చాలు నా బిడ్డ అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం గూడబాతులు లేచినప్పుడు అందరూ రమ్మని పిలుస్తుంటే, నా పెదవుల మీద ఉన్న మాట వేరు. "ఇవాళ వద్దు ప్రభువా, నా కూతుర్ని ఇంకోసారి చూడనియ్యి" అన్నాను. ఊహ తెలిసినప్పటి నుంచి "నీ రాజ్యము వచ్చుగాక" అన్న నోటితోనే.

విత్తనం దాచినందుకు నాకు సిగ్గు లేదు. నిన్ను అడగకుండా నిన్ను దాచినందుకు ఉంది. రావాలో వద్దో నిర్ణయించుకోవలసింది నువ్వు. అదే దినం నిజమై, మమ్మల్ని చూడకుండా నువ్వు ఉండిపోయి ఉంటే? మనిషికి ఎంచుకునే చెయ్యి దేవుడిచ్చాడని ఇన్ని మాటలు రాశాను. నీ చెయ్యి మాత్రం నా గుప్పిట్లో పెట్టుకున్నాను. నన్ను క్షమించు.

ఊడ్పులైన రోజు సాయంత్రం ఇదంతా మీ నాన్నగారికి చెప్పేశాను. "అమ్మాయికి రాయలేదండి. మీతో అలాగేనని చెప్పి కూడా రాయలేదు" అన్నాను. ఆయన కాళ్లకంటిన బురద కడుక్కుంటూ, "తెలుసు" అన్నారు.

"ఎలా తెలుసండీ?"

"దోనె మీద వెళ్లి పోస్టులో వేసేది నేనే కదా. వారం వారం ఏలూరు వెళ్లాను. నువ్వు కవరు ఇవ్వలేదు. నేను అడగలేదు."

ఎందుకు అడగలేదని నేనూ అడగలేదు. కాసేపయ్యాక ఆయనే చొక్కా తెచ్చి నా చేతికిచ్చి, "మళ్లీ పెట్టెలో పెట్టు రూతూ. ఆ దినం వచ్చినప్పుడు మళ్లీ ఉతుకుతాను" అన్నారు.

డాక్టరమ్మగారు మంత్రసాని చదువుకు ఇంకో ఏడాది ఉండమంటున్నారనీ, దేవుని చిత్తమేమిటో కనుక్కుని రాయమనీ అడిగావు. అది నేను కనుక్కోలేను కృపా, కనుక్కున్నానన్నవారి దగ్గర ఈ ఏడు చాలా నేర్చుకున్నాను. ఉంటే నాకు సంతోషం, వస్తే నాకు సంతోషం. ప్రార్థన చేసుకుని, కళ్లు తెరిచి, నీకు తోచింది చెయ్యి. మేము నీతో ఉంటాం.

వచ్చే ఆదివారం మట్టలాదివారం. పిల్లలకు పాట నేర్పాలి. ఈ ఉత్తరం మీ నాన్నగారిని చదవమన్నాను. "తల్లీకూతుళ్ల మాటల్లోకి నేనెందుకు" అని చదవలేదు. రేపు తెల్లవారే దోనె కడతారట. ఇన్నాళ్లూ అడగని మనిషి, ఇప్పుడే గుమ్మంలో నిలబడి, "రాశావా?" అని అడిగారు.

"రాశానండి" అన్నాను.

ఇట్లు,
నీకోసం ఇంకా కొంతకాలం కావాలని ప్రభువును అడుగుతున్న
మీ అమ్మ,
రూతమ్మ.